తుప్పు పట్టని ముడి

ఇనుప సలాకలు కట్టెటోడు వేసిన ముడి చూసి వాడు ఎవడో చెప్పొచ్చు. నవ్వకుండ్రి, నిజంగనే చెప్పొచ్చు. ఎవరింటి పప్పుచారు రుచి వాళ్లింటిదే అయినట్టు, ఎవని ముడి వానిదే. తబ్రేజ్ తీగ కొస పొడుగ్గ విడిచిపెడతడు. మా బామ్మర్ది లక్ష్మణ్‌కు ధీమా తక్కువ, మెలిక ఒకటి ఎక్కువే తిప్పుతడు. నాగేందర్‌ది ఎడమ చెయ్యి. మేమందరం కొక్కెం కుడికి తిప్పితే వాడు ఎడమకు తిప్పెటోడు. వాని ముడులు వేరే ముడులల్ల కలిపి పోసినా ఏరి పక్కకు పెట్టొచ్చు.

నా పేరు రాజలింగు. జగిత్యాల పక్కన పల్లె. సౌదీల జుబైల్ దాటినంక సముద్రపు పాయ ఒకటి నేలలకు దూసుకొచ్చి ఉంటది. దాని మీద బ్రిడ్జి కడుతుంటే మా ముఠా ఆడ పనికి కుదిరింది. పని చెప్పుకుంటే గంతే. సలాక మీద సలాక పేర్చాలె, రెండు కలిసిన కాడల్ల తీగ చుట్టాలె, కొక్కెం పెట్టి మెలి తిప్పాలె. కిర్ర్… కిర్ర్… పొద్దంత గదే సప్పుడు. అప్పట్ల నాకది బువ్వ పెట్టే సప్పుడు. ఇప్పుడు బాయి గిరక కిర్రుమన్నా పెయ్యి జలదరిస్తది.

ఆ బ్రిడ్జి సలాకలు మామూలియి కావు. ఆడ నేల ఉప్పు, నీళ్లు ఉప్పు, గాలి ఉప్పు. మామూలు ఇనుము బయట పెడితే చూస్తుండంగనే ఎర్రబడుతది. కాంక్రీటు లోపల ఉన్నా ఉప్పు విడువదు. తుప్పు ఉబ్బి పెచ్చులు రాల్తయి, పిల్లరు పగుల్తది. అందుకని స్టెయిన్‌లెస్ సలాకలు తెప్పిచ్చిన్రు. కట్టే తీగ గూడ స్టెయిన్‌లెస్సే. మామూలు తీగ ముక్క ఒక్కటి లోపల పడ్డా మా ఇంజినీరు అమ్మిరాజు సారు కొట్టినంత పని చేసెటోడు. కాకినాడ మనిషి. ఆ సలాకలను ఇంటి ఆడబిడ్డ లెక్క మురిపెంగ చూసుకునెటోడు.

"నూరేళ్ల పైమాటేనండీ వీటి లైఫ్" అనెటోడు. "మీ మునిమనవలొచ్చి చూసినా ఇలాగే మెరుస్తుంటాయి."

"మా మునిమనవలకు ఈడ ఏం పని సారూ, ఆళ్లను గూడ ఎండల చంపుతరా" అని నేనంటే నవ్వెటోడు. అప్పుడు నవ్వులుండె.

లక్ష్మణ్‌ను ఆడికి తోలుకపోయింది నేనే. మీసమొచ్చిన మొగోడే గని తల్లి కొంగు విడిచి ఎరుగడు. వచ్చేటప్పుడు మా అత్త ముత్యవ్వ బస్సు కాడ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. "అల్లుడా, నాకు వాడొక్కడే. పోయినోన్ని పోయినట్టు తెచ్చి నా ముంగట నిలబెట్టు" అన్నది. సరే అత్తా అన్న. మాట ఇచ్చుడు ఎంత అలకనో చూడుండ్రి.

నాగేందర్ చచ్చిన రోజు పొద్దుగాల పెద్దసారు ఎవరో చూడనీకి వస్తున్నడని, పునాదిల నుంచి పైకి నిలబడ్డ సలాకల కొసలకు పెట్టిన ప్లాస్టిక్ టోపీలు తీపిచ్చిన్రు. సారు చూసిపోయిండు. టీ తాగొచ్చి టోపీలు మళ్ల పెడదామనుకున్నం. నాగేందర్ పైన మంచె మీద నడుస్తుండె. పలక జారింది. వాడు అరవనుగూడ లేదు. కింద నుంచి ఒక తడి సప్పుడు వచ్చింది.

ఉరికిపోయి చూస్తే వెల్లకిల ఉన్నడు. ఒక సలాక తొడల నుంచి, ఒకటి కడుపుల నుంచి, ఒకటి రొమ్ముల నుంచి పైకి వచ్చి ఎండకు మెరుస్తున్నయి. కొసల మీద ఏందేందో తగులుకొని ఉన్నది, అది చెప్పొద్దు. పానం ఉన్నది. కండ్లు తెరిచి మమ్ముల ఒక్కొక్కన్ని గుర్తు పడుతున్నడు. నేను కటింగ్ మిషన్ అందుకున్న. సలాకలను కిందికి కోసి, వాన్ని గట్లనే దవాఖానకు తీసుకపోవాలె. అమ్మిరాజు సారు చెయ్యి అడ్డం పెట్టిండు.

"కట్ చెయ్యకండి బాబూ! అవి పునాదిలో ఉన్న బార్లు, మళ్లీ పెట్టడం అవ్వదు. మెల్లగా పైకి లేపండి, ఏం కాదు."

నలుగురం పట్టి లేపినం. సలాకకు గీతలుంటయి గదా, కాంక్రీటు పట్టుకోనీకి. ఆ గీతలు ఒక్కొక్కటి వాని లోపల తగులుకుంట తగులుకుంట వచ్చినయి. నా చేతులకు తెలిసింది. "మెల్లగ, రాజన్నా… మెల్లగ" అన్నడు నాగేందర్. గదే ఆఖరు. సలాకల నుంచి వాడు పూర్తిగ ఊడంగనే పైపు తిప్పినట్టు నెత్తురు దుమికింది, నా మొఖం మీద, నోట్ల. అంతల్నే పోయిండు. ఆ సలాకలను నీళ్లు కొట్టి కడిగిన్రు. స్టెయిన్‌లెస్ గదా, కడిగితే కొత్తయే. థూ.

నడుముకు ఉండే వాని కొక్కెం, నీలం టేపు చుట్టిన పిడిది, ఎంత ఎతికినా దొరకలే.

ఆ సాయంత్రం మా మేస్త్రి బుచ్చన్న నన్ను లక్ష్మణ్‌ను పిలిచిండు. నిర్మల్ దిక్కు మనిషి, వయసు మీద పడ్డది, ఇనుము పనిల మా అందరికి గురువు. మేం కాకా అంటం. "దుర్మరణం పోయినోడు ఆ జాగ విడువడు" అన్నడు. "మా తాత చేసెటోడు ఈ పని. చచ్చినోడు పడ్డ కాడ ఇనుప తీగ చుట్టి మూడు ముళ్లెయ్యాలె. తీగ ఉన్నన్ని దినాలు ఈడనే కట్టుబడి ఉండుమని చెప్పాలె. వానకు, గాలికి తీగ తుప్పు పడుతది. తుప్పు రాలినట్టే వాని కోపం రాల్తది. తీగ తెగిన్నాడు సల్లబడి వాని తొవ్వ వాడు పోతడు."

"ఈడ వాన ఏడిది కాకా?" అన్నడు లక్ష్మణ్.

"వాన ఎందుకుర? ఈ ఉప్పుగాలి సాలదా? నెల తిరగకముందే తెగుతది."

నాగేందర్ రొమ్ముల నుంచి వచ్చిన సలాకకు, మోకాలెత్తున, బుచ్చన్న తీగ చుట్టిండు. నడుముకున్న చుట్టల నుంచి చెయ్యి అలవాటుగ తీగ గుంజింది, అలవాటుగ తెంపింది. బతుకంత మామూలు నల్ల తీగతోని పనిచేసిన చెయ్యి అది. ఏ తీగ అని బుచ్చన్న చూడలే. పక్కనే ఉన్న నేను చూడలే. మూడు ముళ్లేసి, కండ్లు మూసుకొని, "ఇది తెగెదాక ఈడనే ఉండు బిడ్డా" అన్నడు.

విచారణ అని పని బందు పెట్టిన్రు. నాగేందర్ శవం పెట్టెల ఇంటికి పోయింది. మళ్ల పిలిచేసరికి ఎండలు ముదిరినయి. ఆ సలాకల మీదనే పిల్లరు పంజరం పైకి కట్టుకుంట పోయినం. మొదట లక్ష్మణ్ చూసిండు.

"బావా, ఇటు రా. ఇది నాగేందరన్న ముడి."

"పాతదేమో తియ్యి."

"పాతది ఎట్లయితది? ఈ సలాక నిన్ననే లారీల నుంచి దిగింది."

దగ్గరికి పోయి చూసిన. మెలిక ఎడమకు తిరిగి ఉన్నది. దాని పక్కది గట్లనే. దాని పైది గట్లనే. మేం కుడికి తిప్పి కట్టిన ముడులు తెల్లారేసరికి ఎడమకు తిరుగుతున్నయి. కండ్లముందర కనబడుతున్నదాన్ని ఏమనాలె? ఖల్లీవల్లీ, పోనియ్యి, ఎవడో పరాచికాలాడుతున్నడు అన్న.

తబ్రేజ్ బిహారోడు, మస్తు ధైర్యం గలోడు. ఒకనాడు పంజరం లోపలికి చెయ్యి పెట్టి తీగ అందుకుంటున్నడు. ఉన్నట్టుండి "ఛోడ్! ఛోడ్!" అని ఒర్రుడు. మేం ఉరికేసరికి వాని వేళ్లు సలాకకు కట్టి ఉన్నయి, తీగ బిగుసుకుంటున్నది. కిర్ర్… కిర్ర్… తిప్పేటోడు లేడు. కొక్కెం లేదు. తోలు తెగింది, కండ తెగింది, ఆఖరుకు కట్టె ఇరిగినట్టు సప్పుడు. తబ్రేజ్ వెనుకకు పడ్డడు, మూడు వేళ్లు సలాకకే ఉన్నయి. "అందర్ సే బాంధ్ రహా థా భాయ్" అని ఏడ్చిండు. లోపల నుంచి ఎవడో కడుతున్నడట. ప్రమాదం అని రాసుకున్నరు.

ఆ రాత్రి క్యాంపుల బుచ్చన్న అన్నం కలిపి ముద్ద పెట్టుకోలే. నడుముకున్న తీగ చుట్టను ముంగటేసుకొని చూస్తున్నడు. మా గదిల దీపం వెలుతురుకు అది తళతళ మెరుస్తున్నది.

"రాజలింగూ… నేను వాన్ని ఏ తీగతోని కట్టిన్రా?"

చేతిల ముద్ద పళ్లెంల పెట్టి ఆ చుట్టను నేను గూడ చూసిన.

"ఇది తుప్పు పట్టదురా" అన్నడు బుచ్చన్న, చిన్న పోరని లెక్క. "నూరేళ్లు పట్టదంట. వాడు ఏడికి పోతడు? వాని కోపం ఎట్ల రాల్తది? అవ్వో, ఎంత పని చేస్తినిరా…"

తెల్లారి ఎండ బందుల పోయిండు. ఎండకాలం మిట్టమధ్యాహ్నం అక్కడ పని చెయ్యనియ్యరు, అందరం రేకుల షెడ్ల పండుకుంటం. మా అవ్వ అనేది, దయ్యానికి అర్ధరాత్రి ఎంతనో మిట్టమధ్యాహ్నం అంతేనని. ముడి తెంపి వస్తనని చెప్పిండు, తీగ కత్తిరించే నిప్పర్ తీసుకొని పోయిండు. ఒక్క తీగ, ఒక్క నొక్కు, గంతే గదా అనుకున్న. కని పంజరం నిండ ముడులే. మామూలు తీగ అయితే ఎర్రగ తుప్పు పట్టి ఈడున్న అని చెప్పేది. ఇయి అన్ని తెల్లగ మెరుస్తయి. అన్నిట్ల ఆ మూడు ముళ్లు ఏడున్నయో?

పని మొదలైనా రాకపోతే పోయి చూసిన. పంజరం లోపల మోకాళ్ల మీద ఉన్నడు. మెడకు తీగ. తీగ కనబడుతలేదు, అంత లోపలికి దిగింది. తల ఎనుకకు వాలి వీపును తాకుతున్నది, మెడ ఎముక తెల్లగ కనబడుతున్నది. నిప్పర్ పండ్ల నడుమ ఉన్నది, కొరికి పట్టుకున్నడు. పండ్లు పగిలినయి. ముడి మెడ ఎనుక. ఎడమ మెలిక. ఉరేసుకున్నడు అని రాసుకున్నరు. ఉరేసుకునేటోడు ముడి మెడ ఎనుక గట్ల ఎట్ల వేసుకుంటడని ఒక్కడు అడగలే.

నాకు ఇగ ఒక్కటే గుబులు. లక్ష్మణ్‌ను ఆడ నుంచి తప్పియ్యాలె. అమ్మిరాజు సారు కాళ్ల మీద పడ్డ. వానికి ఇంటికి పోయే ఎగ్జిట్ కొట్టియ్యుండ్రి, నన్ను ఏమన్నా చేసుకోండ్రి అన్న. సారు మొఖం గూడ పాలిపోయే ఉన్నది.

"ఈ పిల్లర్ పోసేద్దాం రాజలింగూ. కాంక్రీట్ పడ్డాక ఇక్కడ మనకి పనే ఉండదు. ఆ మర్నాడే మీ బామ్మర్దిని పంపిస్తాను. నా పిల్లల మీద ఒట్టు."

పిల్లరు చుట్టూ ఉక్కు షట్టరింగ్ పలకలు నిలబెట్టి మూసిన్రు. అడుగున మనిషి పాకేంత కంత ఒకటి ఉంచిన్రు, లోపల చెత్త తియ్యనీకి. పొద్దు గుంకంగ కాంక్రీటు పోత. సాయంత్రం దాక లక్ష్మణ్‌ను కండ్ల ముంగట ఉంచుకుంటె సాలు అనుకున్న. పొద్దుగాల నుంచి వాని ఎంటనే తిరిగిన. "ఏంది బావా, ఒంటికి పోయినా వస్తవా" అని కసురుకున్నడు గూడ.

మధ్యాహ్నానికి దుమ్ము లేచింది. ఎడారి దిక్కు నుంచి ఎర్రగ గోడ లెక్క వచ్చి సూర్యున్ని మింగింది. పట్టపగలు దీపాలు పెట్టుకునేంత చీకటి. రేకులు దడదడ కొట్టుకుంటున్నయి. నోట్ల ఇసుక, ముక్కుల ఇసుక. లక్ష్మణ్ నా పక్కన పండుకొని ఉన్నడు. వాని అంగి అంచు చేతుల పట్టుకొనే కండ్లు మూసిన. అలసట పాడుగాను, కన్ను అంటుకున్నది.

మెలకువ వచ్చేసరికి నా చేతుల వాని అంగి లేదు. తువాల ఉన్నది.

"లక్ష్మణ్ ఏడి?"

"అమ్మిరాజు సారు పిలిచిండు" అన్నడు ఒకడు నిద్రల. "దుమ్ముకు లోపల చెత్త పడ్డదట, జర ఊడ్వమన్నడు. సన్నగుంటడు గదా, కంతల పడతడని."

నిప్పర్ అందుకొని ఉరికిన. చెప్పులు ఏడ పోయినయో తెల్వదు. కాలే ఇసుక మీద ఉత్త కాళ్లు. దుమ్ముల ముంగట చెయ్యి కనబడదు. పిల్లరు షట్టరింగ్‌కు మొఖం గుద్దుకుంటే గని దగ్గరికి వచ్చినట్టు తెలువలే. పలక మీద చెయ్యి ఆనిస్తే కాలింది. లోపల నుంచి…

కిర్ర్.

కిర్ర్.

కంతల పడుకొని పాకిన. లోపల కొలిమి లెక్క ఉన్నది. షట్టరింగ్ నూనె వాసన, నాచు వాసన. వాటి కింద ఇంకొకటి… మాంసం కొట్టు వాసన. సెల్ఫోన్ లైటు వేసిన. వెలుతురు సలాకల మీద పడి మెరిసి నా కండ్లలకే కొట్టింది. పైకి చూస్తే కొస లేదు. అన్ని ముడులే.

"బావా…"

లక్ష్మణ్ నిలబడి ఉన్నడు. నిలబడలే, నిలబెట్టి ఉన్నడు. రెండు చేతులు చాపి సలాకలకు కట్టి ఉన్నయి. మణికట్లకు, మోచేతులకు, మోకాళ్లకు. రొమ్ముకు అడ్డంగ ఒక తీగ, ఎనుక సలాకకు కలిపి. నాగేందర్ రొమ్ముల నుంచి వచ్చిన సలాక అదే. కుడి మణికట్టు నుంచి నెత్తురు మోచేతి దాక కారి బొట్లుబొట్లుగ పడుతున్నది. ఆ తీగ నేను చూస్తుండంగనే తిరిగింది… ఎడమకు. లక్ష్మణ్ ఒర్రలే. ఒర్రేంత ఊపిరి లేదు.

తెంపిన. మణికట్టుది తెంపిన. మోచేతిది తెంపుతుంటే నా ఎనుక కిర్రుమన్నది. మణికట్టుకు మళ్ల తీగ. మళ్ల తెంపిన. మళ్ల కిర్ర్. నా అంగి సలాకకు కట్టి ఉన్నది, గుంజితే చిరిగింది. కాలు కదపబోతే కదలలే. చీలమండకు చల్లగ… ఇంత ఎండల చల్లగ… తీగ. నా చేతుల నిప్పర్, నాగేందర్ చేతుల ఎంత తీగ ఉన్నదో ఎవనికి ఎర్క.

అప్పుడు సలాక మాట్లాడింది. చెవితోని వినలే. సలాక పట్టుకున్న వేళ్లల్ల తెలిసింది.

"ఇప్పు… రాజన్నా…"

"నాగేందరా" అన్న.

"మెల్లగ… ఇప్పు…"

లైటు తిప్పిన. మోకాలెత్తు దాక, నడుమెత్తు దాక, ఏడ చూసినా తెల్లటి ముడులు. మూడు ముళ్లు ఏడ? ఏది బుచ్చన్నది? ఏది నాది? ఏది వానిది? లక్ష్మణ్ తల ముంగటికి వాలింది. మెడ కాడ తీగ ఒకటి వచ్చి మెల్లగ ఆనుకున్నది, టైలరు టేపు పెట్టి కొలిచినట్టు.

"నీ కాళ్లు మొక్కుత నాగేందరా! వీన్ని విడువు. వీన్ని బయట పెట్టి వచ్చి నీ ముడి ఇప్పుత. తెల్లారేదాక అయినా ఎతికి ఇప్పుత. నా బిడ్డల మీద ఒట్టు. వీడు ఆ తల్లికి ఒక్కడేరా…"

సప్పుడు ఆగింది. బయట గాలి గూడ ఆగినట్టు అనిపిచ్చింది.

తరువాత తీగలు వాటంతటవే తిరిగినయి. ఈసారి కుడికి. ఒక్కొక్కటి మెలిక విప్పుకొని కింద పడ్డది, టింగ్… టింగ్… మెడది పడ్డది. చేతులయి పడ్డయి. కాళ్లయి పడ్డయి. లక్ష్మణ్ నా మీదికి కూలిండు. రొమ్ము మీద ఇప్పుడు తీగ లేదు. అది పడ్డ సప్పుడు మాత్రం నేను వినలే.

వాన్ని కంతల నుంచి బయటికి ఎట్ల గుంజిన్నో ఆ దేవునికే ఎర్క. అప్పటికే జనం మూగిన్రు. దుమ్ము తగ్గింది, పొద్దు వాలింది. కాంక్రీటు లారీలు వరుసగ నిలబడి డ్రమ్ములు తిప్పుకుంట ఉన్నయి. లక్ష్మణ్ మణికట్టు తువాలతోని కట్టి అంబులెన్సుల ఎక్కిచ్చిన్రు. నేను మళ్ల కంత దిక్కు తిరిగితే ఇద్దరు పట్టుకున్నరు.

"కాంక్రీటు పొయ్యొద్దు సారూ! నేను లోపలికి పోవాలె, మాటిచ్చిన!"

"నీకు వడదెబ్బ కొట్టింది రాజలింగూ" అన్నడు అమ్మిరాజు సారు. "అంతమంది కట్టాక ఇంకేం మిగిలింది లోపల? ట్రక్కుల్లో కాంక్రీట్ గట్టిపడిపోతోంది. నువ్వు వెళ్లు. నీ బామ్మర్ది దగ్గర ఉండు."

నన్ను ఎత్తి అంబులెన్సుల పడేసిన్రు. కంతకు పలక బిగిస్తున్నరు. నేను తెలుగుల ఒర్రుతున్న, హిందీల ఒర్రుతున్న, నాకొచ్చిన అరబ్బీల ఒర్రుతున్న. ఎనుక అద్దంల నుంచి పంపు తొండం లేచి పిల్లరు నోట్లకు వంగుడు కనబడ్డది.

పలకలు ఊడదీసినంక పోయి చూసిన. బూడిద రంగు పిల్లరు, నున్నగ, ఎక్కడ పగులు లేదు. చెవి ఆనించి చాలాసేపు నిలబడ్డ. ఏ సప్పుడు లేదు. నిజం చెప్పాలంటే నాకు సంబురమే అయింది. పాపం నాగేందర్ అనుకున్న, ఆ ఎనుకనే అమ్మయ్య అనుకున్న. అమ్మిరాజు సారు మాట నిలబెట్టుకున్నడు, ఎగ్జిట్ కొట్టిచ్చిండు. ఇద్దరం కలిసే వచ్చినం.

మా అత్త కొడుకు మొఖం రెండు చేతుల పట్టుకొని ఏడ్చింది. "పోయినోన్ని పోయినట్టు తెచ్చినవు అల్లుడా" అన్నది. కుడి మణికట్టు గాయం మానినా వాడు ఎడమ చేతితోనే అన్నీ చేస్తుంటే, దెబ్బ తాకిన చెయ్యి గదా అనుకున్నం. ఊకె కూసుండేటోడు కాదు. దడి ఊగుతే కట్టెటోడు, మంచం నులక వదులైతే బిగిచ్చెటోడు. అత్తకు అది గూడ సంబురమే.

ఎదల బిగవట్టినట్టు ఉంటున్నదంటే నేనే కరీంనగర్ దవాఖానకు తీసుకపోయిన. ఎదకు ఎక్స్‌రే తీసిన్రు. డాక్టరమ్మ ఫిల్మును లైటుకు పెట్టి చూసింది.

"గుండె ఆపరేషన్ ఎప్పుడు అయింది?"

"కాలేదమ్మా."

"కాకపోవడమేంటి? రొమ్ము ఎముకకు వైరు చుట్టి ఉంది కదా. ఎముక కోసిన తర్వాత ఇట్లనే కడతారు." వేలు పెట్టి చూపిచ్చింది. తెల్లటి తీగ. ఎముక చుట్టూ. వరుసగ మూడు ముళ్లు. "మూడు ముడులేశారు, మంచి చెయ్యే. మరి మచ్చ ఎందుకు లేదు?"

లక్ష్మణ్ అంగి విప్పి కూసున్నడు. రొమ్ము మీద గీత గూడ లేదు.

"తియ్యొచ్చా అమ్మా?" అన్న.

"తియ్యాలంటే మళ్లీ ఎముక కొయ్యాలి. ఎందుకు? అది స్టెయిన్‌లెస్ స్టీలు, తుప్పు పట్టదు. ఏం చెయ్యదు. మనిషి ఉన్నంత కాలం ఉంటుంది." ఇంకో ఫిల్ము అందుకుంట నవ్వింది. "ఆ తర్వాత కూడా ఉంటుంది."

ఊరి బస్సుల లక్ష్మణ్ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయిండు. ఎడమ చెయ్యి తొడ మీద మెల్లగ తిరుగుతున్నది. పెదవులు కదిలినయి. వంగి చెవి పెట్టిన.

"ఇప్పుతనంటివి గదా… రాజన్నా…"

వాడు ఎన్నడు నన్ను బావా తప్ప ఇంకో తీరు పిలవలే. లేపిన. కండ్లు నలుపుకొని "ఏంది బావా, ఊరచ్చిందా?" అన్నడు. వచ్చింది అన్న. మా అత్త రోడ్డు మీదనే ఎదురు చూస్తున్నది. డాక్టరు ఏమన్నదని అడిగింది. ఏం లేదన్నది అత్తా, మంచిగనే ఉన్నడు అన్న.

ఆ రాత్రి వాళ్లింట్లనే పండుకున్న. తెల్లారి లేచి చెయ్యి చాపబోతే మంచం పట్టె కాడ ఆగింది. చూసిన. నా మణికట్టును, మంచం పట్టెను కలిపి తీగ చుట్టి ఉన్నది. సన్నది, తెల్లగ, కొత్తది. రెండు కొసలు ఎడమ దిక్కు వంచి ఉన్నయి. మెలిక మాత్రం ఇంకా తిప్పలే.